కొరియన్లకు "వేర్" నేర్పేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ప్లాంటు 2019లో మొదలయ్యాక మా అనంతపురం వైపు కొరియన్ కుటుంబాలు కనిపించడం మామూలైపోయింది. సాయంత్రాలు వాళ్ళకు ఇంగ్లిష్ చెప్పేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నాలాగే ట్యూషన్లు చెప్పేవాళ్ళూ, కొరియన్లతో కలిసి పనిచేసేవాళ్ళూ ఫోన్ చేసి అడిగే సందేహాల్లో సగం ఒకే ఒక్క క్రియ చుట్టూ తిరుగుతాయి. అది ఇంగ్లిష్ "వేర్", అంటే బట్టలో చెప్పులో ఒంటిమీద వేసుకుని ఉండటం. అదే జవాబు వాయిస్ మెసేజుల్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. కొరియన్ మాటల్ని నా చెవికి వినబడినట్టు తెలుగులో రాశాను.

## మొదలుపెట్టే ముందు

బట్టలు వేసుకోవడం అనే చిన్న మాటకి ఇంత రామాయణం ఎందుకండీ?

ఎందుకంటే కొరియన్లు ఈ మాటని ఎప్పుడో చిన్నప్పుడే నేర్చేసుకున్నామనుకుంటారు, అందుకే మళ్ళీ తిరిగి చూడరు. ఒంటిమీద ఉన్నది చొక్కా అయినా చెప్పులైనా ఉంగరమైనా ఇంగ్లిష్‌లో ఒక్క వేర్ చాలు. కొరియన్‌లో వస్తువుని బట్టి మాట మారుతుంది. అయినా అసలు చిక్కు అక్కడ లేదు. కొరియన్ మాటలన్నీ "వేసుకోవడం" అనే పనికి పేర్లు. వేర్ మాత్రం "వేసుకుని ఉండటం" అనే స్థితికి పేరు. డిక్షనరీలో మాత్రం రెంటినీ పక్కపక్కన పెట్టి సమానమని రాసేస్తారు. కొంప మునిగేది అక్కడే.

కొరియన్‌లో వేర్‌కి సరైన మాట ఏది? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

అందరూ నిజమే చెబుతున్నారు. చొక్కా, ప్యాంటు, కోటు లాంటి ఒంటిమీది బట్టలకి "ఇప్తా". కాళ్ళకి తొడిగే బూట్లు, మేజోళ్ళకి "షిన్‌తా". తలకీ ముఖానికీ పెట్టుకునే టోపీ, హెల్మెట్, కళ్ళజోడు, మాస్కులకి "సుదా". వేలికో చేతికో బిగుతుగా ఎక్కించే ఉంగరం, గ్లవుజులకి "కిదా". నడుముకో మణికట్టుకో చుట్టే బెల్టు, వాచీలకి "చాదా". ముడి వేసే టైకి "మేదా". చెవి కమ్మలు, గొలుసుల్లాంటి వాటికి "చేయడం" అనే అర్థమున్న "హదా"తో పని కానిచ్చేస్తారు. బ్యాడ్జికి ఇంకో మాట, మెడలో వేసుకునే ఐడీ కార్డుకి ఇంకో మాట.

ఇది విని మా పక్కింటావిడ "అమ్మో, ఇన్నా!" అంది. ఆవిడే ఆ రోజు పొద్దున చీర కట్టుకుంది, గాజులు తొడుక్కుంది, కళ్ళజోడు పెట్టుకుంది, చలిగా ఉందని శాలువా కప్పుకుంది, వాళ్ళాయన తలపాగా చుట్టుకున్నాడు. చీర పెట్టుకున్నానని ఆవిడ ఎప్పుడైనా అందా? మనం కూడా వస్తువుని చూసి మాట మార్చేవాళ్ళమే. కాబట్టి కొరియన్ల ఇబ్బంది మనకి అర్థమైనంత బాగా అమెరికా నుంచి వచ్చిన టీచరుకి అర్థం కాదు.

అన్నిటికీ కలిపి ఒకే మాట కొరియన్‌లో లేనే లేదా?

ఉంది, కానీ ఇంట్లో వాడరు. "చాగ్యోంగ్" అని చైనా అక్షరాల నుంచి వచ్చిన మాట. ఫ్యాక్టరీ గోడల మీద, బస్సుల్లో, ఆసుపత్రి గుమ్మాల దగ్గర "మాస్కు చాగ్యోంగ్", "హెల్మెట్ చాగ్యోంగ్" అని రాసి ఉంటుంది. మన "ధరించు" లాంటిదే అనుకోండి. హెల్మెట్ ధరించండి అని బోర్డు మీద చదువుతాం, కానీ స్కూలుకి టైమైందిరా, చొక్కా ధరించు అని పిల్లాడితో ఏ తల్లీ అనదు. పెద్దవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు ఈ మాట పనికొస్తుంది. "చాగ్యోంగ్ ఎన్ని వస్తువులకి సరిపోతుందో వేర్ అన్నిటికీ సరిపోతుంది" అంటే వస్తువుల గొడవ ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

నాకు కొరియన్ అక్షరం ముక్క రాదు. నేర్పగలనా?

నేర్పగలరు. క్రియ చివర రావడం, ప్రత్యయాలు మాట వెనక తగలడం, ఎ, ది లాంటి ఆర్టికల్స్ లేకపోవడం, ఇవన్నీ మనకీ వాళ్ళకీ ఒకటే. వాళ్ళ తప్పు వాక్యం విన్నప్పుడు "దీన్ని తెలుగులో ఎలా అంటాను?" అని ఒక్క క్షణం ఆలోచించండి. చాలాసార్లు ఆ తప్పు ఎక్కడ పుట్టిందో కనిపిస్తుంది. పైన చెప్పిన ఏడెనిమిది కొరియన్ మాటలు మాత్రం ఒక కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి.

ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ చదివి వచ్చినవాళ్ళకి ఇంత చిన్న మాట ఎందుకు రాదు?

చదవడం వచ్చు, నోటికి రాదు. కొరియాలో 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లిష్ మొదలవుతుంది. దాని మీద "హాగ్వోన్" అనే ప్రైవేటు కోచింగులు. ఇంత చదువూ చివరికి "సునుంగ్" అనే కాలేజీ ప్రవేశ పరీక్ష కోసమే. అందులో ఇంగ్లిష్ ప్రశ్నలు 45. వాటిలో 17 విని రాసేవి, మిగతావి చదివి రాసేవి. నోరు తెరిచి మాట్లాడాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. మన ఇంటర్ పిల్లల సంగతి తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

## మొదటి వారాలు

మా కొరియన్ మేనేజరు గుమ్మం దగ్గర వంగి "ఐ యామ్ వేరింగ్ మై షూస్, వెయిట్" అంటాడు. ఇందులో తప్పేంటి?

ఆయన చెప్పాలనుకున్నది "బూట్లు వేసుకుంటున్నాను, ఆగు" అని. ఇంగ్లిష్ వాక్యం చెబుతున్నది "నా కాళ్ళకి బూట్లు ఉన్నాయి, ఆగు" అని. అక్కడ ఉండాల్సింది "పుటింగ్ ఆన్".

తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. కొరియన్‌లో ఆ వాక్యం చివర "షిన్‌కో ఇత్తా" అని వస్తుంది. ఆ "-కో ఇత్తా" తోకకి మామూలుగా "చేస్తున్నాను" అని అర్థం. తింటున్నాను, చదువుతున్నాను, అలాగే. ఒంటిమీద వేసుకునే క్రియలకి తగిలితే మాత్రం దానికి రెండు అర్థాలు వస్తాయి. ఒకటి "వేసుకుంటున్నాను", రెండోది "వేసుకుని ఉన్నాను". ఏదో వినేవాడు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు. స్కూల్లో "-కో ఇత్తా" అంటే "ఐఎన్‌జీ" అని నేర్పారు కాబట్టి ఆయన రెండు చోట్లా వేరింగ్ అనేస్తాడు.

మనకి ఈ చిక్కు లేదు. తెలుగులో "వేసుకుంటున్నాను" వేరు, "వేసుకున్నాను" వేరు. బూట్లు కాళ్ళకి ఉన్నవాడు వేసుకుంటున్నానని అనడు. ఆయనకి ఈ తేడా మాటల్లో వివరించకండి, చేసి చూపించండి. నేను ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని నిలబడి "పుటింగ్ ఆన్" అంటాను. రెండోది కూడా వేసుకుని రెండడుగులు నడిచి "వేరింగ్" అంటాను. కొరియన్లూ మనలాగే చెప్పులు గుమ్మం దగ్గర విడిచే వస్తారు కాబట్టి పాఠానికి కావాల్సిన సామాను అక్కడే ఉంటుంది.

వేర్ ముందు నేర్పాలా, పుట్ ఆన్ ముందు నేర్పాలా?

నా ఓటు పుట్ ఆన్‌కి. వాళ్ళ ఇప్తా, షిన్‌తా, సుదా అన్నిటికీ నిజమైన జోడీ అదే. పని పేరుకి పని పేరు కుదిరాక, "ఆ పని అయిపోయాక మిగిలేదే వేర్" అని చెబితే సులువుగా పడుతుంది. పుస్తకాలన్నీ వేర్‌తోనే మొదలుపెడతాయి, పట్టించుకోకండి.

వాళ్ళంతట వాళ్ళు సరిచూసుకోవడానికి ఏదైనా కిటుకు ఉందా?

"ఎంతసేపు?" అని అడిగించండి. వాక్యం చివర "ఆల్ డే" తగిలించి చూడమనండి. "ఐ వోర్ ఎ మాస్క్ ఆల్ డే" కుదురుతుంది, మాస్కు రోజంతా ముఖానికి ఉంది. "ఐ పుట్ ఆన్ ఎ మాస్క్ ఆల్ డే" అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాస్కు తగిలించుకుంటూనే ఉన్నాడని. ఒకాయన ఈ రెండోది అన్నప్పుడు నేను చెవుల దగ్గర రెండు చేతులూ పెట్టి, మాస్కు తగిలిస్తూ తీస్తూ తగిలిస్తూ చూపించాను. ఆయన భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత ఆయన నోట ఆ తప్పు మళ్ళీ రాలేదు.

టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షకి చదువుతున్న అమ్మాయి "ఫొటో ప్రశ్నల్లో వేరింగ్ వస్తే కళ్ళు మూసుకుని కొట్టేయొచ్చు" అంటోంది. నిజమా?

కళ్ళు తెరుచుకునే కొట్టాలి, కానీ ఆమె చెప్పేదాంట్లో విషయం ఉంది. టోయిక్ కొరియాకి 1982లో వచ్చింది. ఉద్యోగాలకి ఆ స్కోరు అడగడం అక్కడ మామూలు. 990 మార్కుల పరీక్ష. వినే భాగంలో మొదట ఆరు ఫొటోలు వస్తాయి, ఒక్కో ఫొటోకి నాలుగు వాక్యాలు వినిపించి సరైనది గుర్తించమంటారు. అందులో పాత ఉచ్చు ఇది: ఫొటోలో మనిషి తలమీద అప్పటికే హెల్మెట్ ఉంటుంది, వినిపించే వాక్యం "హి ఈజ్ పుటింగ్ ఆన్ ఎ హెల్మెట్" అంటుంది. హెల్మెట్ అనే మాట వినగానే అదే జవాబని టిక్కు పెట్టేస్తే మార్కు పోయినట్టే.

అందుకే హాగ్వోన్లలో "వేర్ స్థితి, పుట్ ఆన్ పని" అని మంత్రంలా బట్టీ పట్టిస్తారు. ఆ అమ్మాయికి ఆ మంత్రం కచ్చితంగా వచ్చు. వచ్చీ, అదే రోజు సాయంత్రం బయల్దేరుతూ "వెయిట్, ఐ యామ్ వేరింగ్ మై జాకెట్" అంటుంది. పరీక్షలో సరిగ్గా గుర్తుపట్టిన తేడా తన నోట్లో ఎందుకు రాలేదో ఆమెనే అడగండి. నేను చెప్పే పాఠాలన్నిటిలోకీ బాగా పనిచేసింది ఈ ప్రశ్నే.

"పుట్ ఆన్ ఇట్" అంటున్నారు. ఎలా మాన్పించాలి?

పేరు చెబితే రెండు చోట్లా పెట్టొచ్చు: పుట్ ఆన్ యువర్ షూస్, పుట్ యువర్ షూస్ ఆన్. ఇట్, దెమ్ లాంటి పొట్టి మాట అయితే మధ్యలోనే ఇరకాలి: పుట్ ఇట్ ఆన్, పుట్ దెమ్ ఆన్. కారణాలు చెబుతూ కూర్చోకండి, పాటలా పలికించండి.

నేను వేర్ అంటే వాళ్ళకి వేరేలా వినబడుతోందట. నా ఉచ్చారణ తప్పా?

కావచ్చు. మన "వ"కి కింది పెదవి పైపళ్ళకి తగిలీ తగలనట్టు ఉంటుంది. కొరియన్‌లో పళ్ళు తగిలే ఆ "వీ" శబ్దమే లేదు. అది వినబడితే వాళ్ళ చెవి "బ" కింద జమకడుతుంది. వెరీ అనే మాటని వాళ్ళు "బెరి" అనే రాసుకుంటారు. నా దగ్గర ఒక పిల్లాడు డిక్టేషన్‌లో టోపీ పెట్టుకున్నాననడానికి బదులు "ఐ బేర్ ఎ హ్యాట్" అని రాశాడు. తప్పు వాడిది కాదు, నా "వ"ది. పెదవులు సున్నాలా చుట్టి "ఉ" దగ్గర మొదలుపెట్టి "ఉఎర్" అన్నట్టు పలకండి, సరిపోతుంది.

ఇక వాళ్ళ వైపు చిక్కు చివరి "ర్" దగ్గర ఉంది. గోల్ఫ్‌వేర్, అండర్‌వేర్ లాంటి మాటలు కొరియన్‌లో ఇప్పటికే ఉన్నాయి, కానీ వాటిని "వె-ఒ" అని రెండు ముక్కలుగా, ర్ లేకుండా పలుకుతారు. ఎక్కడ అనే అర్థమున్న "వేర్" కూడా అచ్చం అలాగే వినబడుతుంది. దాని గురించి బెంగ వద్దు, ఇంగ్లిష్‌లోనూ చాలామంది ఆ రెంటినీ ఒకేలా పలుకుతారు. "యూ వర్" అనేటప్పటి "వర్" మాత్రం వేరుగా వినబడాలి. మన "ర్"ని గట్టిగా దొర్లించి నేర్పకండి, వాళ్ళకి అదింకో కొత్త భారం.

తీసేయడానికి ఏం నేర్పాలి?

"టేక్ ఆఫ్" ఒక్కటి చాలు. కొరియన్‌లో చొక్కా, బూట్లు, టోపీ విప్పడానికి "బొత్తా", ఉంగరం తీయడానికి "పేదా", టై, వాచీ విప్పడానికి "పుల్దా". అన్నిటికీ కలిపి ఇంగ్లిష్‌లో ఒకటే ఉందని తెలిసి సంతోషిస్తారు. "పుట్ ఆఫ్" అంటే మాత్రం వెంటనే ఆపండి, అది వాయిదా వేయడం. ఆన్‌కి ఎదురు ఆఫ్ కదా అని ఊహించి అనేస్తుంటారు.

## నోరు కాస్త తిరిగాక

ఎదురుగా ఉన్న మనిషిని చూపిస్తూ "ది ఉమన్ హూ వోర్ ఎ రెడ్ జాకెట్" అంటారు. ఇప్పుడు వేసుకునే ఉంది కదా, వోర్ ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఒకసారి తెలుగులో అని చూసుకోండి. "ఎర్ర చీర కట్టుకున్న ఆవిడ." కట్టుకుంటున్న ఆవిడ అనం. కట్టుకోవడం అయిపోయింది కాబట్టి "కట్టుకున్న". చీర ఇంకా ఒంటిమీదే ఉంది. కొరియన్ సరిగ్గా ఇలాగే పోతుంది. ఇప్తాకి అయిపోయిన పనిని చెప్పే రూపం "ఇబున్". ఎర్ర బట్టలు ఇబున్ మనిషి అంటే ఎర్ర బట్టల్లో ఇప్పుడు కనిపిస్తున్న మనిషి. దాన్ని ఇంగ్లిష్‌లోకి దించితే భూతకాలమై "వోర్" వచ్చి కూర్చుంటుంది. వినేవాళ్ళకి ఆవిడ నిన్నెప్పుడో వేసుకుందనిపిస్తుంది.

"ది ఉమన్ ఇన్ ది రెడ్ జాకెట్" అని అలవాటు చేయండి. క్రియే లేదు కాబట్టి కాలం గొడవే లేదు. నాకైతే ఈ దారి వేరింగ్ కంటే ఇష్టం.

మెచ్చుకునేటప్పుడూ ఇదే జరుగుతుంది. ఉదయం ఎదురుపడగానే "యూ వోర్ ఎ నైస్ షర్ట్ టుడే!" అంటారు. మన ఆఫీసుల్లో మనమూ అంటాం, "మంచి చీర కట్టుకున్నావే"ని అలాగే దించేసి. వాళ్ళని దిద్దే ముందు ఒకసారి మన నోరు చూసుకుంటే మంచిది.

బట్టల షాపులో "కెన్ ఐ వేర్ దిస్?" అని అడిగితే షాపువాడు తెల్లమొహం వేశాడట.

అడగాల్సింది "కెన్ ఐ ట్రై దిస్ ఆన్?". కొరియన్‌లో దీన్ని "ఇబొ బొదా" అంటారు. ఇబొ అంటే వేసుకుని, బొదా అంటే చూడు. వేసుకుని చూడు! తిని చూడు, అడిగి చూడు, వెళ్ళి చూడు అని మనం ఎలా అంటామో వాళ్ళూ అలాగే ప్రతి క్రియకీ "చూడు" తగిలిస్తారు. ఇది మొదటిసారి తెలిసినప్పుడు నేను ఆ రోజంతా ఇంట్లో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. "వేర్ అండ్ సీ" అని మనవాళ్ళు అనడానికీ, వాళ్ళు అనడానికీ కారణం ఒకటే. ట్రై ఆన్ అంటే "వేసుకుని చూడు" అని తెలుగులో చెప్పినంత తేలిగ్గా వాళ్ళకి "ఇబొ బొదా" అని చెప్పేయండి, అయిపోతుంది.

"వేర్ అంబ్రెల్లా" అని ఎందుకంటారు? గొడుగుని ఎవరైనా వేసుకుంటారా?

మనం వేసుకుంటాం! వానొస్తోంది, గొడుగు వేసుకుని వెళ్ళు అని అనమా? కొరియన్‌లో టోపీకి, కళ్ళజోడుకి వాడే సుదానే గొడుగుకీ వాడతారు, తలమీదికి వచ్చేది కాబట్టి. ఇంగ్లిష్ గొడుగుని ఒంటికి అంటుకున్న వస్తువుగా లెక్కపెట్టదు. తీసుకెళితే క్యారీ, విప్పి పట్టుకుంటే యూజ్, తెరిస్తే ఓపెన్. బ్యాగు సంగతి కొంచెం తమాషా: వీపుకి రెండు పట్టీలతో తగిలించుకున్న బ్యాక్‌ప్యాక్‌ని వేర్ అనొచ్చు, చేతి సంచిని మాత్రం క్యారీ అనే అనాలి.

సెంటు, సన్‌స్క్రీన్, మేకప్‌లకి కూడా వేర్ అంటే నమ్మడం లేదు.

నమ్మరు మరి. వాళ్ళకి సెంటు చల్లుకునేది, సన్‌స్క్రీన్ పూసుకునేది, మేకప్ చేసుకునేది. మనమూ సెంటు కొట్టుకుంటాం, పౌడరు రాసుకుంటాం. ఇంగ్లిష్ చూపు వేరు. ఎలా వచ్చిందన్నది దానికి అనవసరం, ఒంటిమీద ఉందా లేదా అన్నదే లెక్క. అందుకే "ఆర్ యూ వేరింగ్ సన్‌స్క్రీన్?" మామూలు ప్రశ్న. ఏప్రిల్‌లో అనంతపురం ఎండలో పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళే తల్లులకి నేను మొదట నేర్పే వాక్యం కూడా ఇదే.

"ఎ గ్లాసెస్", "ఎ ప్యాంట్" అంటున్నారు.

తెలుగులో కళ్ళజోడు ఒకటే, ప్యాంటు ఒకటే. కొరియన్‌లోనూ అంతే. ఇంగ్లిష్‌కి రెండు అద్దాలూ రెండు కాళ్ళూ కనిపిస్తాయి, అందుకే బహువచనం. ఎ తీసేసి "వేరింగ్ గ్లాసెస్", "వేరింగ్ ప్యాంట్స్" అనిపించండి. లెక్క చెప్పాల్సి వస్తే "ఎ పెయిర్ ఆఫ్". "ఒక ప్యాంట్" అని రోజూ అనే మనం ఈ పాఠం చెబుతున్నప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

వన్‌పీస్, వైషర్ట్, మ్యాన్‌టుమ్యాన్ వేసుకున్నానంటున్నారు. ఇవేం బట్టలు?

ఇంగ్లిష్‌లా వినబడే కొరియన్ మాటలు ఇవి. వన్‌పీస్ అంటే ఆడవాళ్ళు మామూలుగా వేసుకునే డ్రెస్. వైషర్ట్ అంటే ఆఫీసుకి వేసుకునే కాలరు చొక్కా. ఇది జపాన్ మీదుగా వచ్చిన "వైట్ షర్ట్", కానీ నీలం రంగుదైనా వైషర్టే. మ్యాన్‌టుమ్యాన్ అంటే స్వెట్‌షర్ట్. ప్యాడింగ్ అంటే దూదిపరుపులా ఉబ్బి ఉండే చలికోటు, మన ఊళ్ళో దాని అవసరం రాదనుకోండి.

డ్రెస్ అనే మాటతో మాత్రం జాగ్రత్త. మనకి డ్రెస్ అంటే చుడీదారు నుంచి పిల్లల బట్టల దాకా ఏదైనా. కొరియన్‌లో డ్రెస్ అంటే పెళ్ళికూతురో, సినిమా తారో వేసుకునే పొడుగాటి గౌను. మామూలు చుడీదారులో వచ్చిన మన అమ్మాయి "హౌ ఈజ్ మై న్యూ డ్రెస్?" అంటే వాళ్ళు పెళ్ళెప్పుడని అడిగినా ఆశ్చర్యపోకండి.

"ఐ డ్రెస్డ్ ఎ షర్ట్" తప్పేనా?

తప్పే. గెట్ డ్రెస్డ్ అంటే మొత్తంగా తయారవడం, దాని వెనక వస్తువు పేరు రాదు. వస్తువు చెప్పాలంటే పుట్ ఆన్, వేర్ ఈ రెండే.

## బాగా ముదిరాక

"ఐ వేర్ గ్లాసెస్"కీ "ఐ యామ్ వేరింగ్ గ్లాసెస్"కీ తేడా ఎలా చెప్పాలి?

మొదటిది అలవాటు. కళ్ళజోడు బల్లమీద పెట్టి ముఖం కడుక్కుంటున్నప్పుడూ "ఐ వేర్ గ్లాసెస్" నిజమే. రెండోది ఈ క్షణం కళ్ళజోడు ముఖానికి ఉంటేనే. క్లాసులో ఎవరిదైనా కళ్ళజోడు తీయించి రెండు వాక్యాల్లో ఏది ఇంకా నిజమో అడగండి. పవర్ ఎక్కువున్నవాళ్ళది తీయించకండి, బోర్డు కనబడక పాఠం ఆగిపోతుంది.

షాప్‌ఫ్లోర్ సేఫ్టీ సూచనలు ఇంగ్లిష్‌లో చెప్పాలి. మా కొరియన్ సూపర్‌వైజరుకి ఏ వాక్యాలు నేర్పాలి?

రెండు రకాలు. నియమం చెప్పేటప్పుడు వేర్: "ఆల్వేస్ వేర్ యువర్ హెల్మెట్ అండ్ గ్లవ్స్ హియర్." హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చిన మనిషితో అప్పటికప్పుడు చెప్పేటప్పుడు పుట్ ఆన్: "పుట్ యువర్ హెల్మెట్ ఆన్, ప్లీజ్." కొరియన్‌లో హెల్మెట్‌కి సుదా, గ్లవుజులకి కిదా, సేఫ్టీ బూట్లకి షిన్‌తా, రిఫ్లెక్టర్ జాకెట్‌కి ఇప్తా. నాలుగు క్రియలు ఒక్క వేర్‌లో ఇమిడిపోవడం ఆయనకి హాయిగానే ఉంటుంది. ఆ హాయిలో పుట్ ఆన్‌ని మర్చిపోతాడు, అది గుర్తుచేస్తూ ఉండాలి.

పెద్ద హోదాలో ఉన్నాయన తప్పు మాట్లాడితే దిద్దొచ్చా?

ఒక్కరే ఉన్నప్పుడు దిద్దండి. కింది ఉద్యోగుల ముందు మాత్రం వద్దు. వాళ్ళకి "చెమ్యొన్" ముఖ్యం, మన పరువు, మర్యాద అనుకోండి. నేను మొదట్లో ఒక పెద్దాయన్ని ఆయన జూనియర్ ముందే దిద్దాను. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత రెండు వారాలు "బిజీ, బిజీ" అంటూ క్లాసుకే రాలేదు. ఇప్పుడు ఎవరు తప్పన్నా సరైన వాక్యాన్ని నేను మామూలుగా తిరిగి అంటాను. "ఓ, యూ ఆర్ పుటింగ్ ఆన్ యువర్ షూస్? టేక్ యువర్ టైమ్." పట్టుకునేవాళ్ళు పట్టుకుంటారు.

చిన్నపిల్లలకి ఇదంతా ఎలా చెప్పాలి?

చెప్పొద్దు, ఆడించండి. ఒక బకెట్లో టోపీ, పాత గ్లవుజులు, నాన్న బూట్లు, చున్నీ పడేయండి. ఒక పిల్ల తీసి వేసుకుంటుంటే మిగతావాళ్ళు "పుటింగ్ ఆన్, పుటింగ్ ఆన్" అని అరుస్తూనే ఉండాలి. మీరు చప్పట్లు కొట్టగానే ఆ పిల్ల బొమ్మలా ఆగిపోవాలి. టోపీ తలమీదికి చేరి ఉంటే అందరూ "వేరింగ్!" అనాలి. ఇంకా చేతిలోనే ఉంటే అన్నవాళ్ళు అవుట్. గ్లవుజు సగం వేలికి ఎక్కినప్పుడు కొట్టండి చప్పట్లు, వాళ్ళలో వాళ్ళు దెబ్బలాడుకుంటారు. ఆ దెబ్బలాట ఇంగ్లిష్‌లో జరిగితే ఆ రోజు జీతం వచ్చినట్టే.

"వోర్న్ అవుట్" అంటే బట్టలు వేసుకుని బయటికి వెళ్ళడమా?

ఇది నిజంగా నన్ను అడిగారు! వాడీ వాడీ అరిగిపోవడం. బూటు అడుగు అరిగితే "వోర్న్ అవుట్", మనిషి అలసి సొలసిపోయినా "ఐ యామ్ వోర్న్ అవుట్". రోజూ ఒంటిమీద ఉన్నది అరుగుతుంది కదా అని చెబితే లంకె దొరుకుతుంది.

ఇదంతా అలవాటవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

కాగితం మీద ఒకటి రెండు వారాలు. నోటికి మాత్రం నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే. క్లాసులో రాసింది చూసి వచ్చేసిందని అనుకోవద్దు. డ్రైవరు కింద హారన్ కొడుతుండగా, ఒక కాలికే బూటు ఉండి, రెండోదాని లేసు చిక్కుపడి, గుమ్మం దగ్గర కుంటుతూ మీ వైపు తిరిగి ఏమంటాడో వినండి. అప్పుడు "పుటింగ్ ఆన్" అని వస్తే వచ్చినట్టు.